ఇవాళ ఎవరి రోజు?

పొయ్యి మేస్త్రి కొడుకు విప్లవం వచ్చిన రోజునే పుట్టాడు. ఇందులో వాడి తప్పేం లేదు, విప్లవం తప్పూ లేదు. రెండూ ఎప్పటినుంచో ఇవాళా రేపూ అంటున్నవే, కలిసి ఒకే రోజు ఊడిపడ్డాయంతే. ఆసుపత్రి బయట తుపాకులు పేలుతుంటే లోపల నర్సమ్మ, "వాళ్ల గోల వాళ్లది, మన పని మనం చూసుకుందాం" అని తల్లికి ధైర్యం చెప్పిందట. వీధివాళ్లు ఊరుకుంటారా? పిల్లాడికి 'విప్లవం' అని ముద్దుపేరు తగిలించారు. "విప్లవానికి పళ్లొచ్చాయా?" "విప్లవం రాత్రంతా ఒకటే ఏడుపు, ఏమైందమ్మా?" అని కిటికీల్లోంచి అడిగేవాళ్లు. దారినపోయే కొత్తవాళ్లు ఆ మాటలు విని అడుగులు వేగంగా వేసేవాళ్లు. ఇంట్లో మాత్రం వాడు బుడ్డోడే.

మేస్త్రి పనిచేసేది బిస్కెట్ల ఫ్యాక్టరీలో, పెద్ద పొయ్యి దగ్గర. రాజుగారి కాలంలో బిస్కెట్ మీద రాజుగారి తల ఉండేది. పిల్లలు ముందు ముక్కు కొరికి, తర్వాత కిరీటం కొరికి, చివరికి గడ్డం దగ్గరికొచ్చేవాళ్లు. కొత్త ప్రభుత్వం రాగానే ఆ అచ్చులు కరిగించి, యంత్రాల్లో తిరిగే పళ్లచక్రం అచ్చులు పోయించింది. పిండి అదే, పొయ్యి అదే, పంచదార కాస్త తగ్గింది. రాజుగారిని తిన్నా, చక్రాన్ని తిన్నా పొయ్యి దగ్గర పట్టే చెమట ఒకటే కాబట్టి మేస్త్రి కిమ్మనకుండా పని చేసుకుపోయాడు. కొత్తవాళ్లతో అతనికి పేచీ అంటూ ఏదైనా వచ్చిందంటే అది ఆదివారం దగ్గరే వచ్చింది.

ఆదివారాన్ని రద్దు చేశారు. నిజంగానే. మనుషులంతా ఒకేరోజు కాళ్లు బారజాపుకు కూర్చుంటే యంత్రాలు ఉత్తినే పడుంటున్నాయని పైనున్నవాళ్లకి బాధ కలిగింది. అందుకని మనుషుల్ని అయిదు రంగులుగా విడగొట్టి, ఒక్కొక్కరికీ ఒక గుడ్డ బిళ్ల ఇచ్చి, చొక్కాకి కుట్టుకోమన్నారు. వారాలన్నీ తీసేసి రోజులకీ అవే రంగులు పెట్టారు. పసుపు రోజున పసుపువాళ్లకి సెలవు, ఎరుపు రోజున ఎరుపువాళ్లకి. అయిదూ అయ్యాక మళ్లీ మొదటికి. రోజూ ఎవరో ఒకరికి సెలవే, యంత్రాలకి మాత్రం ఎప్పుడూ లేదు. కాగితం మీద చూస్తే ఎంతో ముచ్చటగా ఉంటుంది. దీన్ని కనిపెట్టిన మహానుభావుడికి పెళ్లాం పిల్లలు లేరనీ, ఒకవేళ ఉన్నా వాళ్లతో మాటల్లేవనీ మేస్త్రికి గట్టి నమ్మకం.

మేస్త్రికి పసుపు వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అతని భార్యకి ఆకుపచ్చ. బడికెళ్లే కూతురికి ఎరుపు, ఎందుకంటే బళ్లకీ అదే పద్ధతి. బుడ్డోడు చంటివాడు కాబట్టి వాడికి ఏ రంగూ లేదు.

దానికి తోడు షిఫ్టులు. ఆవిడ తెల్లవారకముందే ఎక్స్ఛేంజికి వెళ్లి మధ్యాహ్నం వస్తుంది. అతను మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్లి, అందరూ గుర్రుపెట్టి నిద్రపోయే వేళకి వస్తాడు. ఒకరు ఎక్కుతుంటే ఒకరు దిగుతూ, వాళ్ల సంసారం మూడంతస్తుల మెట్ల మీద సాగింది. ఆవిడ పైకొస్తున్న చప్పుడు వినగానే అతను బుడ్డోణ్ణి చంకనేసుకుని బయటికొచ్చేవాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు పొయ్యి అప్పజెప్పినట్టే పిల్లాణ్ణి అప్పజెప్పేవాడు.

"పాలు తాగాడు. ముక్కులో గింజ పెట్టుకున్నాడు, తీసేశా. మోకాలు గీరుకుంది, చూసి భయపడకు."

"ఏ మోకాలు?"

"ఎడమది. బస్సొచ్చేసింది, నే పోతున్నా. ఒరేయ్, అమ్మ వచ్చేసింది, నేను వెళ్లొస్తా!"

ఇదీ రోజూ జరిగే భాగోతం. సెలవు రోజున కలిసుందామంటే అదీ కుదరదు. ఆకుపచ్చ రోజు ఆవిడ ఇంట్లో ఉంటుంది కానీ, రాత్రి షిఫ్టు చేసొచ్చిన మొగుడు పడుకుంటాడని పొద్దున్నే పిల్లాణ్ణి పార్కుకి తీసుకుపోతుంది. తిరిగొచ్చేసరికి అతను మెట్లు దిగుతుంటాడు. పసుపు రోజు అతను ఇంట్లో ఉంటాడు కానీ, ఆవిడ పని నుంచి వచ్చేసరికి అతను సభకి పోవాలి. సెలవు రోజు మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా మగవాళ్లంతా సభలో కూర్చుని సెలవు ఎంత హాయిగా గడిచిందో ఉపన్యాసం వినాలని రూలు. హాయిగా గడపడానికి దొరికిన టైమంతా ఆ ఉపన్యాసానికే పోయేది, అది వేరే సంగతి.

బుడ్డోడికి మాత్రం ఈ ఏర్పాటు శుభ్రంగా నచ్చింది. వాడికి ఊహ తెలిసినప్పటినుంచీ లోకం ఇలాగే ఉంది. పసుపు అంటే నాన్న రోజు, ఆకుపచ్చ అంటే అమ్మ రోజు, ఎరుపు అంటే అక్క రోజు. మిగతా రోజుల్లో పొద్దున నాన్న, సాయంత్రం అమ్మ. ఒకరు వస్తే ఒకరు వెళ్తారు. లేవగానే, "ఇవాళ ఎవరి రోజు?" అని అడిగి, జవాబు విన్నాక గానీ మంచం దిగేవాడు కాదు.

బెంగంతా పెద్దదానికే. ఆదివారాలు చూసిన పిల్ల అది. నలుగురూ ఒకే గదిలో ఉండటం అంటే ఏమిటో దానికి తెలుసు, అయితే అప్పుడు నాలుగోవాడు ఇంకా కడుపులో ఉన్నాడు. ఒక పసుపు రోజు బడికి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నాన్నా, మనం నలుగురం ఒక్కరోజైనా కలిసి కూర్చుని అన్నం తింటామా?" అని అడిగింది. ఏడవలేదు, అలగలేదు, ఊరికే టైము అడిగినట్టు అడిగింది. మేస్త్రికి ప్రాణం ఉసూరుమంది.

"తింటామే తల్లీ. నేను మాటిస్తున్నా" అన్నాడు.

ఇచ్చేశాడు బాగానే ఉంది, నిలబెట్టుకోవడం ఎలాగో మాత్రం తెలియలేదు. ఆ రోజునుంచీ అతనికి వేరే ధ్యాస లేదు. బిస్కెట్లు మాడకుండా చూసుకోవడం, నలుగుర్నీ ఒక గదిలోకి చేర్చడం, ఈ రెండే అతని జీవితం.

కొన్నాళ్లకి దారి దొరికింది. ఏడాదికోసారి రంగుల ఆఫీసు తెరుస్తారు. పనిచేసేచోట ఎవరైనా ఒప్పుకుంటే వాళ్లతో బిళ్ల మార్చుకోవచ్చు. ఒకసారి మార్చుకుంటే మళ్లీ ఏడాదిదాకా నోరెత్తకూడదు. మేస్త్రి ఆ కబురు మెట్ల మీదికి మోసుకొచ్చాడు.

"ఏమోయ్, రంగులాఫీసు తెరిచారట. అందరం ఒకే రంగులోకి మారిపోదామా?"

"అంతకంటేనా! నే రేపే వెళ్తా. వీడు పొద్దున పడుకున్నాడా?"

"పడుకున్నాడు. మళ్లీ పడుకోనివ్వకు, రాత్రి నిన్ను చంపుకు తింటాడు."

"సరే సరే, బస్సు పోతుంది, పదండి."

చూశారా, అన్నీ మాట్లాడుకున్నారు. పిల్లాడి నిద్ర గురించి కూడా మాట్లాడుకున్నారు. ఏ రంగులోకి మారాలో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అర నిమిషం సంసారం చేసేవాళ్లకి ఇలాంటివి తప్పవు.

మేస్త్రి ఏమనుకున్నాడు? పాపం ఆవిడ ఆకుపచ్చకి అలవాటు పడింది, ఆవిణ్ణెందుకు కదపడం, మనమే మారదాం అనుకున్నాడు. పిండి కలిపే అతన్ని పట్టుకుని, బతిమాలి బామాలి, పసుపు ఇచ్చి ఆకుపచ్చ తీసుకున్నాడు. ఆవిడ ఏమనుకుంది? ఫ్యాక్టరీలో ఆయన ఎవర్నీ నోరు తెరిచి అడగలేడు, మొహమాటం మనిషి, నేనే మారతా అనుకుంది. పక్క సీటు అమ్మాయికి ఆకుపచ్చ అంటగట్టి పసుపు పుచ్చుకుంది. పెద్దది తెలివిగా ముందు తండ్రిని అడిగింది. "అమ్మ రంగే" అన్నాడు ఆయన. అదీ బళ్లో ఎవర్నో పట్టుకుని ఆకుపచ్చలోకి మారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద మేస్త్రి ఆకుపచ్చ బిళ్లతో, బుడ్డోణ్ణి చెయ్యి పట్టి నడిపించుకుంటూ దిగుతున్నాడు, ఆవిడ పసుపు బిళ్లతో ఎక్కుతోంది. రెండో అంతస్తు మలుపులో ఇద్దరూ ఆగిపోయారు.

"అదేంటండీ అది?"

"నన్నడుగుతావేంటి, నీదేంటి?"

ఒకళ్ల గుండెకేసి ఒకళ్లు చూసుకున్నారు. ముందు ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత అతనికీ వచ్చింది. మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మధ్యలో ఎక్కడో ఆవిడ నవ్వడం మానేసింది గానీ కళ్లనీళ్లు ఆగలేదు. మేస్త్రి ఏం చెయ్యాలో తెలీక ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆ పూట బిస్కెట్లు కాస్త మాడి ఉంటాయి.

సాయంత్రం పెద్దది ఇల్లెగిరిపోయేలా అరిచింది. "మీ ఇద్దరికీ ఒక్క పని అప్పజెబితే ఇదీ నిర్వాకం! నేను చూసుకునేదాన్ని కదా!" అంది. తల్లి సంగతి చూడండి. ఆవిడ ఎక్స్ఛేంజిలో పొద్దస్తమానం ఊళ్లోవాళ్లందర్నీ ఒకళ్లతో ఒకళ్లని కలిపే మనిషి. సొంత మొగుడి రంగు కనుక్కోలేకపోయింది. బుడ్డోడైతే తిరగబడ్డాడు. పసుపు నాన్నదని వాడు, కాదు అమ్మదని వీళ్లు. అమ్మ చొక్కా మీది బిళ్ల పీకబోయాడు. కుదురుకోవడానికి వాడికి చాలా రోజులు పట్టింది. కుదురుకున్నాక మాత్రం పాత లోకం సంగతే ఎత్తలేదు.

మేస్త్రికి ఆకుపచ్చ రోజుల్లో కూతురూ కొడుకూ దొరికారు, అది లాభమే. ముగ్గురూ వంతెన మీద నిలబడి కింద పడవలు చూసేవాళ్లు. పెద్దది బళ్లో చెప్పినవన్నీ తండ్రికి మళ్లీ చెప్పేది. బాగుండేది. కానీ ఇంటికొచ్చి కంచాలు పెడుతున్నప్పుడు మూడే పెట్టాలని గుర్తొచ్చి అతని చెయ్యి ఆగేది. మాటిచ్చినవాడు కదా, మూడుతో సరిపెట్టుకోలేకపోయాడు.

ఇంతలో పైనున్నవాళ్లకి వాళ్లలో వాళ్లకే చెడింది. ఒక పొద్దున రేడియోలో పాటలు మాని ఉత్త బ్యాండుమేళం మొదలైంది. అది ఆగకుండా మోగుతోందంటే ఎవరిదో పదవి ఊడిందని ఈపాటికి చిన్నపిల్లలకి కూడా తెలుసు. సాయంత్రానికి కొత్త గొంతు వినిపించింది. పాతవాళ్లు ప్రజల్ని మోసం చేశారంది. పోగొట్టుకున్నదంతా కష్టపడి రాబట్టాలంది. చివర్లో, రంగులు రద్దు, ఆదివారం మళ్లీ వచ్చిందంది. అంతే, వీధి వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. జనం బిళ్లలు పీకి కిందకి విసిరారు. రోడ్డంతా రంగు గుడ్డముక్కలు. ఫ్యాక్టరీలో పళ్లచక్రం అచ్చులు కరిగించేశారు. ఈసారి మేనేజరు ఏ బొమ్మా వెయ్యలేదు. రేపు మళ్లీ ఎవరొస్తారో, ఎందుకొచ్చిన గొడవ అని బిస్కెట్ని ఉత్తగా వదిలేశాడు.

'విప్లవం' అన్న పిలుపు కూడా ఆగిపోయింది. కొత్తవాళ్లకి ఆ మాట నచ్చుతుందో లేదో ఎవరికీ తెలీదు మరి.

షిఫ్టులు కూడా పోయాయి. ఇక అందరికీ, బళ్లకి కూడా, ఒకటే సైరను. ఆరు రోజులు పొద్దున్నే అందరూ పోవాలి, చీకటిపడ్డాక అందరూ రావాలి. మరి బుడ్డోణ్ణి ఎవరు చూస్తారు? ఫ్యాక్టరీ పక్కన పిల్లల షెడ్డు ఒకటుంది, అందులో చేర్పించారు. ఆ సంగతి వాడికి చెప్దాం చెప్దాం అనుకుంటూనే ఇద్దరూ చెప్పలేదు. ముందు ఆదివారం కానిద్దాం, సోమవారం సంగతి సోమవారం చూద్దాం అనుకున్నారు.

ఆదివారం వచ్చింది.

మేస్త్రి గడ్డం గీసుకుని, పెళ్లినాటి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, అయినా విప్పలేదు. ఎప్పుడూ గోడకి ఆనించి ఉండే బల్లని ఆవిడా అతనూ చెరోపక్క పట్టుకుని గది మధ్యకి లాగారు. నాలుగో కుర్చీ ఇంట్లో లేదు, పెద్దది కింది వాటా నుంచి అడిగి తెచ్చింది. అది వంటగదికీ బల్లకీ మధ్య తిరుగుతూ తల్లిదండ్రులిద్దరికీ పనులు పురమాయించింది. "నాన్నా, నువ్వక్కడ. అమ్మా, నువ్వు వాడి పక్కన" అంటూ ఎవరెక్కడ కూర్చోవాలో కూడా తేల్చేసింది. దాని మొహం చేటంత అయింది. కూతుర్ని అలా చూసి మేస్త్రి, ఇన్నాళ్లకి మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాడు.

బుడ్డోడు లేచాడు. మంచం మీద కూర్చుని కళ్లు నులుముకుని, తండ్రిని చూశాడు. తల్లిని చూశాడు. మళ్లీ తండ్రిని చూశాడు.

"ఇవాళ ఎవరి రోజు?"

"అందరిదీ రా!" అన్నాడు మేస్త్రి, చేతులు చాపి.

బుడ్డోడు ఆ చేతుల్లోకి రాలేదు. అందరిదీ అనేది ఒక జవాబు కాదు. లెక్క తప్పినవాణ్ణి చూసినట్టు తండ్రిని కాసేపు చూశాడు. తర్వాత మంచం దిగి, గుమ్మం దగ్గరికి వెళ్లి, తండ్రి బూట్లు రెండూ పొట్టకి హత్తుకుని మోసుకొచ్చి, ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"అమ్మ వచ్చేసింది నాన్నా. నువ్వు వెళ్లు" అన్నాడు.

అందరూ నవ్వారు. మేస్త్రి అందరికంటే గట్టిగా నవ్వాడు. బుడ్డోడు నవ్వలేదు. ఒక బూటు తీసి ఆయన కాలికి తొడగడం మొదలెట్టాడు, అదీ తప్పు కాలికి.

"నాన్న ఇవాళ వెళ్లడురా కన్నా. ఇంట్లోనే ఉంటాడు" అంది తల్లి.

"అయితే నువ్వు వెళ్లు."

"నేనూ వెళ్లను. ఇద్దరం నీ దగ్గరే ఉంటాం. నీకిష్టం లేదా?"

అప్పుడు వాడు బావురుమన్నాడు. మామూలు ఏడుపు కాదు, ఊపిరందని ఏడుపు. తల్లి ఎత్తుకోబోతే తోసేశాడు, తండ్రి ఎత్తుకోబోతే కాళ్లతో తన్నాడు. అక్క బిస్కెట్ ఇస్తే విసిరికొట్టాడు. నిన్నటిదాకా ఎంతో బుద్ధిగా ఉన్నవాడికి ఏం పోయేకాలం వచ్చిందో ఎవరికీ అంతు పట్టలేదు. మేస్త్రి ఆ పెళ్లినాటి చొక్కాతోనే నేల మీద చతికిలబడి, వాడి మొహం దగ్గరగా మొహం పెట్టాడు.

"ఎందుకురా ఏడుస్తున్నావు? నాన్నంటే ఇష్టం లేదా?"

వాడు వెక్కిళ్ల మధ్య ఒక్కొక్క మాటే బయటికి తీశాడు.

"ఇద్దరూ ఇవాళే అయిపోతే, రేపు ఎవరుంటారు?"

ఆవిడ అతనికేసి చూసింది. పెద్దది చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడి లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అమ్మా నాన్నా ఒక రోజుకి ఒకరు చొప్పున వచ్చే మనుషులు. ఒకేరోజు ఇద్దర్నీ ఖర్చుపెట్టేస్తే తర్వాత రోజుకి ఎవరూ మిగలరు. పైగా అదే నిజం.

మేస్త్రికి 'నేనుంటాలే' అని నోటిదాకా వచ్చింది. ఒకసారి మాటిచ్చి దాన్ని నిలబెట్టుకోవడానికి ఇన్నాళ్లు పట్టిందని గుర్తొచ్చి, మింగేశాడు.

"ఎవరూ ఉండం నాన్నా" అన్నాడు మెల్లిగా. "రేపు అందరం పనికి పోతాం. నువ్వు పిల్లల షెడ్డులో ఉంటావు. అక్కడ బోలెడుమంది పిల్లలుంటారు. చీకటి పడ్డాక వచ్చేస్తాం."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ అంతే."

బుడ్డోడు ఏడుపు ఆపేశాడు. చిత్రంగా ఉంది గానీ, నిజంగానే ఆపేశాడు. ముక్కు చేత్తో తుడుచుకుని, కాసేపు ఆలోచించాడు. తర్వాత తండ్రి కాలికి సగం ఎక్కిన బూటు లాగేశాడు. రెండోదీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి తల్లి చెప్పులు, అక్క చెప్పులు ఒకచోట చేర్చి, తండ్రి బూట్లు వాటి మీద వేసి, ఆ కుప్ప మీద ఎక్కి కూర్చున్నాడు. రెండు చేతులూ కింద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు.

"రారా, అన్నం తిందాం. నీకు కుర్చీ తెచ్చా చూడు" అంది పెద్దది.

వాడు అడ్డంగా తలూపాడు.

రమ్మన్నారు, బతిమాలారు, చక్కిలిగింతలు పెట్టారు. ఊహూఁ. చివరికి పెద్దదే తన కంచం తీసుకొచ్చి వాడి పక్కన నేల మీద కూర్చుంది. తల్లి గిన్నెలన్నీ తెచ్చింది. మేస్త్రి గుమ్మానికి వీపు ఆనించి కూర్చున్నాడు. గది మధ్యలో బల్లా, చుట్టూ నాలుగు కుర్చీలూ ఖాళీగా ఉండిపోయాయి. నలుగురూ చెప్పుల కుప్ప చుట్టూ చేరి అన్నం తిన్నారు. తల్లి ముద్ద పెడుతుంటే బుడ్డోడు నోరు తెరిచాడు గానీ చేతులు మాత్రం కింద నుంచి తియ్యలేదు. కాసేపటికి పెద్దది ఏదో జోకు చెప్పింది. వాడు నవ్వాడు. తల్లీ నవ్వింది.

మేస్త్రి కూడా నవ్వాడు. ఇంత రుచిగా అన్నం తిని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు. కొడుకు ఆ చెప్పుల మీదే నిద్రపోతాడని అతనికి తెలుస్తూనే ఉంది. తెల్లవారి సైరను మోగేసరికి, వాణ్ణి కదలకుండా ఎత్తి, ఆ కిందనుంచి ఒక్కొక్క జతే లాగాల్సింది తనేనని కూడా తెలుసు. అతను ఇంకో ముద్ద కలిపి, వాడి నోటికి అందించాడు.